అంచున రాసిన అర్థాలు

కోత మిషను పిడి కిందికి దిగాక గానీ, బైండరుకు తాను చేసిన పనేమిటో తెలియలేదు.

ముప్పై ఏళ్ల అలవాటు. కుట్టు అయ్యాక, అట్ట వేసే ముందు, ఏ పుస్తకానికైనా మూడు వైపులా అంచు తీయాల్సిందే. అంచు తీయని పుస్తకం తల దువ్వుకోకుండా పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకులా ఉంటుందని అతని లెక్క. ఆ పొద్దున కూడా చెయ్యి తన దారిన తాను పని చేసుకుపోయింది. కత్తి కింది నుంచి సన్నటి కాగితపు పేలికలు జారి, జిగురు ఆరడానికి పెట్టిన ఫ్యాను గాలికి గది నిండా లేచాయి. వాటి మీద అక్షరాలున్నాయి. అక్క చేతిరాత అది.

బైండరు పిడి వదిలేశాడు.

ఆ నోటు పుస్తకం బావది. కాలవ లాకుల దగ్గర తలుపులు ఎత్తుతూ దించుతూ బతుకంతా గడిపిన మనిషి. ఒక పడవకూ ఇంకో పడవకూ మధ్య దొరికిన ఖాళీలో పాత ఇంగ్లీషు పత్రికలు తిరగేసి, వింత మాట కనబడితే పేజీకి ఒకటి చొప్పున పెద్ద అక్షరాలతో రాసుకునేవాడు. ఇంటికి వచ్చి అక్క ముందు పెట్టేవాడు. అక్క బడిలో ఇంగ్లీషు పంతులమ్మ. పేజీకి కుడివైపున, అంచుకు ఆనించి, చీమ తలకాయలంత అక్షరాలతో అర్థం రాసేది. బావ పోయి ఏడాదయింది. దారాలు తెగి రేకులు రేకులుగా ఊడుతున్న పుస్తకాన్ని మొన్న తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది.

“ఒక్క అక్షరం పోకుండా చూడరా. మేమిద్దరం మాట్లాడుకున్నదంతా ఇందులోనే ఉంది” అంది.

పుస్తకం తీసుకెళ్లడానికి వస్తానన్నది రేపు మధ్యాహ్నమే.

బైండరు ఫ్యాను ఆపాడు. తలుపు మూశాడు. మోకాళ్ల మీద కూర్చుని, బల్లల కింద, అట్టల సందుల్లో, జిగురు గిన్నె వెనకాల ఒక్కొక్క పేలికా ఏరాడు. కత్తి చాలా చోట్ల అక్షరాన్ని సగానికి తెగ్గొట్టింది. సున్నాలో సగం పేజీ మీద ఉంటే మిగతా సగం పేలిక మీద ఉంది. సగానికి సగం కలిపి, వెనక పల్చటి కాగితం వేసి, పిండి జిగురుతో అతికించసాగాడు.

అతనికి వచ్చిన ఇంగ్లీషు కూడబలుక్కునేంత. గాన్‌గూజ్లర్ అని పైకి చదివాడు. అంచు అతికాక అర్థం కనబడింది: కాలవ గట్టున నిలబడి, వచ్చే పోయే పడవలను ఊరికే చూసేవాడు. దాని కిందే, ‘ఎవరో ఎందుకు, మీరే’ అని ఉంది. బోర్బోరిగ్మస్ అంటే ఆకలికి కడుపులో పుట్టే గురగుర. ‘పొయ్యి ఇప్పుడే వెలిగించాను, ఆగండి.’ స్లగబెడ్ అంటే పొద్దెక్కినా మంచం దిగనివాడు. ‘పేరు చెప్పను గానీ, మా తమ్ముడు.’

బైండరు ఆ పేజీ అతుకును ఇంకోసారి వేలితో నొక్కాడు.

పెట్రికోర్ దగ్గరికి వచ్చేసరికి కిటికీ అద్దం మీద వెలుతురు పలచబడింది. ఎండిన నేల మీద తొలి చినుకులు పడ్డప్పుడు లేచే వాసనట. జిగురు వాసన వెనక నుంచి తడిమట్టి వాసన వచ్చినట్టయింది. గది మెల్లగా కాలవలా కదులుతోంది. పేలికలు నీళ్ల మీద పడవల్లా ఒక్కొక్కటే వచ్చి, తమ తమ పేజీల దగ్గర ఆగుతున్నాయి. గట్టున ఎవరో నిలబడి చూస్తున్నారు. పని చేస్తున్నది తన చేతులేనా అన్నది కూడా అతనికి సరిగ్గా తెలియలేదు.

మర్నాడు పొద్దున్నకి ఒక్క పేజీ మిగిలింది. ఆఖరుది. ఏప్రిసిటీ. దానికి అంచు దొరకలేదు. ఉన్నవన్నీ ఉత్త తెల్ల పేలికలు. తలుపు మూయకముందే వీధిలోకి ఎగిరిపోయి ఉంటుందని మెట్లు, వీధి కాలవ గట్టు, ఎదురుగా ఉన్న దర్జీ అరుగు కింద, అన్నీ వెతికాడు.

ఏం పోయిందని దర్జీ అడిగాడు.

“ఒక మాట” అన్నాడు బైండరు.

“నీ దగ్గరుండేవే నాలుగు. అందులో ఒకటి పారేసుకున్నావా?” అని దర్జీ మళ్లీ మిషను తొక్కుకున్నాడు.

మధ్యాహ్నం అక్క వచ్చింది. శాలువా కప్పుకుని, గుమ్మం దగ్గర చెప్పులు విప్పింది. బైండరు పుస్తకం ఆమె చేతిలో పెట్టి, దాచకుండా జరిగింది జరిగినట్టు చెప్పాడు. అంతసేపు మాట్లాడటం అతనికి అలవాటు లేదు. అక్క అతుకుల మీద వేలు నడిపిస్తూ పేజీలు తిప్పింది. తమ్ముడి పేజీ దగ్గర ముసిముసిగా నవ్వింది. ఆఖరు పేజీ దగ్గర వేలు ఆగింది.

“ఇదొక్కటే దొరకలేదక్కా. ఎక్కడ పోయిందో” అన్నాడు.

“పోలేదురా. అక్కడ నేనేమీ రాయలేదు.”

బైండరు ఏరి పెట్టిన తెల్ల పేలికల వైపు చూశాడు.

“ఆసుపత్రికి బయల్దేరే రోజు మీ బావ రాసి ఇచ్చారు. వచ్చాక రాద్దాంలే అనుకున్నా” అంది అక్క. “తర్వాత రాస్తే ఇక అయిపోయినట్టే కదా అనిపించింది.”

“అర్థం తెలుసా నీకు?”

“తెలుసు.” ఆమె గుమ్మం వైపు చూసింది. గడప దాటి లోపలికి, చాప పరిచినంత మేర ఎండ పడుతోంది. “చలికాలంలో ఎండ ఒంటికి తగిలితే ఉండే వెచ్చదనం. ఆ కాస్త సుఖానికి కూడా ఒక మాట పెట్టుకున్నారు చూడు ఆ ఇంగ్లీషువాళ్లు.”

బైండరు లేచి కొత్త కాగితంలోంచి ఒక పేలిక కోశాడు. ఆఖరు పేజీకి అతికించి, వేలితో నొక్కి, జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాడు.

“జిగురు ఆరనీ, రాస్తాను” అంది అక్క. “తొందరేముంది.”

రెండు స్టూళ్లూ ఎండలోకి లాక్కుని కూర్చున్నారు. పుస్తకం ఆమె ఒళ్లో తెరిచే ఉంది. పెన్ను చేతిలో ఉంది. తడి పేలిక మెల్లగా తెల్లబడుతోంది. ఎండ వాళ్ల పాదాల మీద నుంచి మోకాళ్ల దాకా ఎక్కింది.