ఎనిమిదో నెలలో కారు

నరేంద్రబాబు గంటసేపు మైకు ముందు నిలబడి ఊరికి ధైర్యం చెప్పాడు. దూరపు దీవిలో ప్రభుత్వం జరిపిన అణుపరీక్ష దేశ రక్షణ కోసమేనని, దుమ్మంతా సముద్రంలోనే పడిపోయిందని, ఇప్పుడు కురుస్తున్న వానకు దానితో ఏ సంబంధమూ లేదని. సమాచార అధికారిగా అతని ఉద్యోగమే అది. కోట టౌను దగ్గరి ఆ తీరపు ఊళ్లోవాళ్లు నమ్మారు కూడా. ఎందుకు నమ్మరు? అతని చెల్లెలు వాణి ఆ ఊరి కోడలే. చెల్లెలు కడుపుతో ఉన్న ఊళ్లో అన్న అబద్ధం చెప్తాడా?

చెప్తాడు. వాన నీళ్లలో రేడియేషన్ తేలిందని, గర్భిణులకు మరీ ప్రమాదమని, సంగతి బయటికి పొక్కనివ్వద్దని పొద్దున్నే పైఅధికారి ఫోను చేశాడు. అందుకే మీటింగు అవగానే ఆఫీసు కారును చెల్లెలి గుమ్మం ముందు ఆపించాడు.

"అమ్మకి ఒంట్లో బాగలేదు. వాణిని బిట్రగుంటకి తీసకపోతా," అన్నాడు.

వాణి అత్తగారు ఆదిశేషమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. "ఏందబ్బయా, ఎనిమిదో నెలలో ఎవరన్నా పుట్టింటికి తీసకపోతారా? ఏడులో రమ్మంటే తీరిక లేదంటివే!"

ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్న పిల్లను గడప దాటించరన్న సంగతి కంగారులో అతనికి తట్టనే లేదు. అరుగుల మీది ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. అందరూ కారు వైపే చూస్తున్నారు.

వాణి బయటికి వచ్చింది. "భయం లేదని నువ్వే చెప్పినావు గదన్నా. లేకపోతే నేను రాను. ఉంటే చెప్పు."

ఉద్యోగం కళ్లముందు మెదిలింది. పాడు ఉద్యోగం! చెల్లెలి చెవి దగ్గరకు వంగి, "ఉండాది. ఎక్కు," అన్నాడు.

వాణి గొంతు తగ్గించలేదు. "అత్తా, భయం ఉండాదంట! అంకాలమ్మక్క కోడల్ని పిలువు, స్వర్ణను పిలువు. కడుపుతో ఉండేవాళ్లమంతా ఈ కార్లోనే పోతాం."

వెనక ముగ్గురు సర్దుకున్నారు. ముందు సీట్లో చంటిబిడ్డతో ఒక తల్లి ఎక్కింది. డ్రైవరు దిక్కుతోచక నరేంద్రబాబును చూశాడు. అతను తలుపు తనే మూసి, "పోనీ," అన్నాడు.

కారు మలుపు తిరిగింది. ఊరంతా వానలోనే అతని చుట్టూ మూగింది. ఒక్కరూ తిట్టలేదు.

"మరి మేమబ్బయా?" అని అడిగింది ఆదిశేషమ్మ.