ఎర్ర ప్లాస్టిక్ తాళంచెవి

కమలకుమారి కోడలు అలేఖ్య కాపురానికి వచ్చాక ఏనాడూ తన బీరువాకు తాళం వేసి ఎరగదు. తల్లి పోయి, దినకర్మలు ముగించుకుని పుట్టింటి నుంచి తిరిగొచ్చిన దగ్గర నుంచి మాత్రం వేస్తోంది. తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకుని ఆఫీసుకు పోతోంది. నాంపల్లిలోని ఆ మూడు గదుల ఇంట్లో పగలంతా ఒంటరిగా ఉండే కమలకుమారికి ఆ బీరువా కంట్లో నలుసైంది. 'నన్ను దొంగననుకుంటోందా?' అని ఒకసారి, 'మావాడికి తెలియకుండా ఏం దాస్తోందో' అని ఇంకోసారి అనుకునేది. నోరు తెరిచి అడిగితే పోయేది. అడగడానికి పెద్దరికం అడ్డొచ్చింది.

ఆబిడ్స్‌లో దుర్గేష్ కొట్టు ఆమెకు తెలుసు. అంతకుముందు వాషింగ్ మెషీను మీట విరిగి, ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదని కంపెనీ వాళ్లు చేతులెత్తేస్తే, దుర్గేష్ త్రీడీ ప్రింటర్ మీద అచ్చం అలాంటిదే చేసి, ఇంటికొచ్చి బిగించి వెళ్లాడు. ప్లాస్టిక్ దారాన్ని కరిగించి పొర మీద పొర పేరుస్తూ ఆ యంత్రం మీటను పుట్టిస్తుంటే ఆమె ముక్కున వేలేసుకుని చూసింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ దాన్ని చూపించి మురిసిపోయింది కూడా.

ఈసారి వెళ్లి, "తాళంచెవి కూడా చేస్తావా నాయనా? అసలుది మా అబ్బాయి దగ్గరుండిపోయింది. వాడు ఊళ్లో లేడు" అంది. అబద్ధం అంత నున్నగా జారినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

"ఫొటో ఉన్నా చాలమ్మా. పక్కన స్కేలు పెట్టి తీసి పంపుమను. గని ప్లాస్టిక్ గదా, జర మెల్లగ తిప్పాలె" అన్నాడు దుర్గేష్. అది ఎవరి బీరువా అని అతను అడగలేదు.

మర్నాడు అలేఖ్య స్నానానికి వెళ్లినప్పుడు కమలకుమారి ఆమె బ్యాగు తెరిచింది. హడావుడిలో మొదటి ఫొటో మసకగా వచ్చింది. పక్కన స్కేలు పెట్టి తీసిన రెండోది కుదిరితే దాన్ని దుర్గేష్‌కు పంపింది.

ఎర్రటి తాళంచెవి చేతికొచ్చిన మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేకపోయినా తలుపు గడియ వేసుకుని బీరువా ముందు నిలబడింది. తాళంచెవి లోపలికి దూరింది. సగం తిరిగి ఆగింది. ఇంకాస్త గట్టిగా తిప్పింది. టప్పుమంది. పిడి చేతిలో మిగిలింది, మిగతాది లోపల ఇరుక్కుపోయింది. పిన్నీసుతో గీకింది, సూదితో పొడిచింది. అది ఇంకా లోపలికి పోయింది.

సాయంత్రం అలేఖ్య తాళం తీయబోతే చెవి దూరలేదు. ఆమె భర్త కార్తీక్ వెళ్లి, మొజంజాహీ మార్కెట్ దగ్గర తాళాలు బాగుచేసే ఎల్లేష్‌ను వెంటబెట్టుకొచ్చాడు. ఎల్లేష్ టార్చి వేసి చూసి, సన్నటి పట్టకారుతో ఎర్రటి ముక్కను బయటికి లాగాడు.

"ఏంది సార్ ఇది, ప్లాస్టిక్ చెవి! ఎవరో తియ్యనీకి చూసిన్రు."

కార్తీక్ ముఖం మారిపోయింది. "పగలు ఇంట్లోకి వచ్చేది విజయ ఒక్కతే. పనిమనిషిని నమ్మితే ఇంతే" అన్నాడు.

గోడవార నిలబడ్డ కమలకుమారికి ఆ మాటతో గుండెల మీంచి బరువు దిగినట్టయింది. నిజమే, తనను ఎవరూ అనుమానించరు. అంతలోనే రేపు పొద్దున విజయ గుమ్మంలోకి రావడం, వీడు నిలదీయడం కళ్లముందు మెదిలాయి. క్షణం కిందటి ఊరట గుర్తొచ్చి తన మీద తనకే రోత పుట్టింది.

"విజయ కాదురా. నేనే" అంది.

ఎల్లేష్ తల వంచుకుని, ఏమీ విననట్టు సామాన్లు సర్దుకోసాగాడు. పరాయివాడి ఆ మర్యాద ఆమెను ఇంకా కుంగదీసింది. కొంగు ముడి విప్పి, విరిగిన పిడిని మంచం మీద పెట్టింది.

అలేఖ్య అరవలేదు. బీరువా తెరిచి కింది అరలోంచి నలిగిపోయిన ఆకుపచ్చ నేతచీర తీసింది.

"మా అమ్మ దవాఖానకు పోయిననాడు కట్టుకున్న చీర అత్తమ్మా. ఇంకా ఆమె వాసనే వస్తది. మీరేమో ఏది కనబడ్డా మెషీన్ల ఏస్తరు. చెప్తే బాధపడ్తరని తాళం ఏసుకున్న. గంతే."

'ఒక్క మాట చెప్పుంటే ముట్టుకునేదాన్నా తల్లీ' అనబోయింది కమలకుమారి. ఆ ఒక్క మాటా అడగాల్సింది తనేనని తోచింది. పైగా చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది.

"ఆ తాళంచెవి ఫొటో, మెషీను మీట చేసిన కొట్టతని ఫోన్లో ఉంది. మన ఇల్లు కూడా తెలుసతనికి" అంది నేలచూపులు చూస్తూ.

"అంటే ఎవడైనా ఇంకోటి చేసుకోవచ్చు. నీకసలు బుద్ధుందా అమ్మా!" అని లేచాడు కార్తీక్.

అలేఖ్య చెయ్యెత్తి అతన్ని ఆపింది. "తాళమే మార్చెయ్ అన్నా" అంది ఎల్లేష్‌తో.

కొత్త తాళం బిగించడం అయ్యింది. ఎల్లేష్ రెండు తాళంచెవులు అందిస్తూ, "ఒకటి ఇంట్లనే ఉంచుండ్రి" అని అలవాటు కొద్దీ అనేసి నాలుక్కరుచుకున్నాడు. అలేఖ్య రెండూ బ్యాగులో వేసుకుంది. కమలకుమారి అటు చూడలేదు.

మర్నాడు పొద్దున విజయ ఎప్పటిలాగే నవ్వుతూ వచ్చి గిన్నెల ముందు కూర్చుంది.

"ఏందమ్మా, ముఖం గట్లున్నది? పాణం బాగలేదా?"

"బాగానే ఉన్నానే" అంది కమలకుమారి, తల తిప్పుకుని.