గుఢియారీలో పౌక్సీ

మూడో బోగీ దగ్గర బంగారయ్య వంగి, చక్రం పక్కనున్న ఇనుప పెట్టె మూతను కొక్కెంతో పైకి లేపాడు. లోపలి నూలు పీచు ఇంకా తడిగానే ఉంది. అయినా పొడవాటి ముక్కున్న డబ్బా వంచి కాస్త నూనె పోశాడు. మూత వేసి దానిమీద ఎడమచేతి వెనకభాగం ఒక్క క్షణం ఆనించాడు. వేడి సమంగానే ఉంది. మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి, నాలుగో బోగీకి నడిచాడు.

హౌరా మెయిలు రాయపూర్‌లో ఆగేది కొద్దిసేపే. ఆ కాసేపట్లోనే ప్లాట్‌ఫారానికి అవతలివైపు, కంకర మీద నడుస్తూ, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఇనుప పెట్టెలన్నీ చూడాలి. నూనె చాలక ఇరుసు కాగిపోతే రైలు ఏ అడవిలోనో నిలిచిపోతుంది. బంగారయ్య చెయ్యి తగిలిన రైలు పదకొండేళ్లలో ఎక్కడా అలా నిలవలేదు. ఆ సంగతి అతనికి తెలుసు. మరెవరూ దాన్ని గురించి ఆలోచించినట్టు లేదు.

ఏభైకి దగ్గరపడ్డ మనిషి. పొట్టి. ఒకప్పుడు బస్తాలు మోసినందువల్ల కుడి భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. ఖాకీ చొక్కా నూనె తాగి తాగి తోలులా బిరుసెక్కింది. అరచేతి గీతల్లో దిగిన నలుపు ఎంత రుద్దినా పోదు. పెళ్లిళ్లలో నలుగురి మధ్య విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఆ చేతిని కాస్త మడిచి దాచుకుని తినేవాడు.

చివరి బోగీలోంచి గార్డు భీమారావు కాగితం పొట్లం ఒకటి కిందికి అందించాడు.

“ఈసారి తప్పదోయ్ బంగారయ్యా. కలకత్తాలో చీనావాళ్ల వీధికి వెళ్లి, అడిగి మరీ కొన్నాను.”

బంగారయ్య చేతులు చొక్కాకి తుడుచుకుని పొట్లం విప్పాడు. గుండ్రటి రొట్టె. పైన ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. విరిచి చూస్తే లోపల తీపి కొబ్బరి.

“ఇది కాల్సినది, గార్డు బాబూ.”

“కాదా మరి?”

“నేదు బాబూ. అది తెల్లగా ఉంటాది. ఆవిరి మీద ఉడుకుతాది. లోపల మాంసం.”

భీమారావు నిట్టూర్చి జెండా చంకలో పెట్టుకున్నాడు. పదకొండేళ్లలో ఇది ఎన్నోదో ఇద్దరికీ గుర్తులేదు. కలకత్తా వెళ్లొచ్చే ప్రతి గార్డునీ, డైనింగ్ కారు వంటవాళ్లనీ బంగారయ్య అడిగేవాడు. ఒకరు ఎండిన బన్ను తెచ్చారు. ఒకరు రెండు రొట్టె ముక్కల మధ్య దోసకాయ చక్రాలు పెట్టిన శాండ్‌విచ్ తెచ్చి, దొరలు తినేది ఇదేనన్నారు. ఇంకొకరు తెచ్చిన, చేప కూరి వేయించిన పాటీ దారిలోనే పాడయింది. అన్నీ తిన్నాడు, అందరికీ దండం పెట్టాడు. ఏదీ పౌక్సీ కాదు.

రంగూనులో తిన్న ఆ పౌక్సీ గురించి బంగారయ్య చెప్పని మనిషి రైల్వే కాలనీలో లేడు. వినేవాళ్లు నవ్వేవాళ్లు. ఆవిరి మీద ఉడికేది కుడుము గాని, కుడుములో మాంసమేమిటని అనేవాళ్లు. అతని భార్య వరహాలమ్మ మాత్రం నవ్వేది కాదు. పెళ్లయిన ఏడాదిలో అతను నిద్రలో రెండుసార్లు ఆ మాట పలికాడు. పౌక్సీ అన్నది బర్మా ఆడమనిషి పేరని ఆమె అప్పుడే తేల్చుకుంది. మనిషి మంచివాడే కాబట్టి పెద్దగా గొడవ చెయ్యలేదు. కానీ కూరలో ఉప్పు ఎక్కువైందని అతనంటే, “మీ పౌక్సీ సేతి వంట కాదు కదా” అనేది.

మెయిలు కదిలిపోయాక బంగారయ్య డబ్బా పట్టుకుని నూనె గదివైపు నడిచాడు. పార్సిలు ఆఫీసు ముందు ఒక సైకిలు, రెండు ట్రంకు పెట్టెలు, గోనెలో కట్టిన పరుపు ఉన్నాయి. వాటి పక్కన నేలమీద చీనా సేఠ్ కూర్చుని ఉన్నాడు.

అతని పేరు వాంగ్. రెండేళ్ల కిందట రాయపూర్ వచ్చి, గుఢియారీలో గది తీసుకున్నాడు. సైకిలు వెనక బట్టల మూట కట్టుకుని సిల్కు, పాప్లిను, లేసు అమ్ముకుంటూ తెలీబంధా దాకా తిరిగేవాడు. ఆరంగ్ సంతకు కూడా వెళ్లేవాడట. రైల్వే కాలనీలో అతన్ని ఎరగని ఆడవాళ్లు లేరు. ఇప్పుడు మోకాళ్ల మీద రుమాలు పరుచుకుని ఏదో తింటున్నాడు.

అది తెల్లగా ఉంది. గుండ్రంగా, పైన ముడతలు ముడతలుగా, సంచి మూతిని బిగించి ముడేసినట్టు ఉంది.

బంగారయ్య చేతిలోని డబ్బా ఒరిగి, నూనె కాలి మీద పడింది. అతను చూసుకోలేదు.

“క్యా హువా, భాయీ?” అన్నాడు వాంగ్. తర్వాత అతని చూపు ఎక్కడుందో గమనించి, రుమాల్లోంచి ఇంకొకటి తీసి ఇచ్చాడు.

బంగారయ్య దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. తెల్లటి మెత్తదనం మీద అతని పది వేళ్లూ నల్లగా అచ్చుపడ్డాయి. కొరికాడు. పిండి కొంచెం తియ్యగా, లోపల వేటమాంసం కైమా, ఉల్లికాడలు, అల్లం, వాటిలోంచి ఊరిన రసం. రసం గడ్డం మీదికి కారింది. రంగూనులో పంది మాంసం వేసేవారు, అంతే తేడా.

“పౌక్సీ,” అన్నాడు నోటినిండా పెట్టుకుని.

“బావ్‌జ,” అని వాంగ్ సరిదిద్దాడు.

అప్పుడు బంగారయ్యకి గుర్తొచ్చింది. వాంగ్ వచ్చిన కొత్తల్లో అతన్ని కాలనీలో ఆపి, పౌక్సీ ఎక్కడ దొరుకుతుందని తను అడిగాడు. వాంగ్ ఎంతో మర్యాదగా మూట విప్పి పాప్లిను తాను చూపించాడు. పౌక్సీ బర్మావాళ్ల మాట. చీనావాళ్లు దాన్ని వేరే పేరుతో పిలుస్తారని బంగారయ్యకి తోచనే లేదు. ఆ సంగతి ఇప్పుడు వచ్చీరాని హిందీలో చెబితే వాంగ్ కాసేపు ఆలోచించి, గుర్తుతెచ్చుకుని, కళ్లు మూసుకుని నవ్వాడు. తన భార్య వారంలో రెండుసార్లు వీటిని చేస్తుందని చెప్పాడు. రెండేళ్లుగా చేస్తోందట, గుఢియారీలో, బియ్యం గోదాము వెనక గదిలో. పట్టాల అవతల, బంగారయ్య ఇంటినుంచి నడిచివెళ్లేంత దూరంలో.

“ఇయాల సేస్తాదా?” అని బంగారయ్య ఆత్రంగా, హిందీ మరిచి తెలుగులోనే అడిగేశాడు.

వాంగ్‌కి అర్థమైంది. ప్రయాణానికని ఇప్పుడే ఉడుకుతున్నాయన్నాడు. సాయంత్రం మెయిలుకి కలకత్తా వెళ్లిపోతున్నారు. బావమరిది అక్కడ చెప్పుల దుకాణం పెట్టాడు, ఇక తిరిగిరారు.

బంగారయ్య మూడింటికి డ్యూటీ దిగి, చెయ్యైనా కడుక్కోకుండా ఇంటికి పరుగెత్తాడు. వరహాలమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

“లెగు వరాలూ. పౌక్సీ దొరికింది.”

ఆమె చేట నెమ్మదిగా కింద పెట్టింది.

“ఈ ఊర్లోనేనా?”

“గుఢియారీలో.”

“ఎన్నాళ్లనుంచి?”

“రెండేళ్ల నుంచట. నాకు తెలీనేదు. సాయంత్రం బండికి ఎల్లిపోతున్నాది.”

వరహాలమ్మ లేచి కొంగు బిగించి దోపింది. మరో మాట అడక్కుండా ముందు తనే నడిచింది. రైల్వే గేటు దాటేదాకా అంత జోరుగా ఎందుకు నడుస్తోందో బంగారయ్యకి తెలియలేదు. తెలిశాక దారి మధ్యలో ఆగి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

“మనిషి కాదే. తినేది. తినేదని పదకొండేళ్లుగా సెప్తన్నాను.”

“అది నా కళ్లతో సూసి నాను సెప్తాను.”

గోదాము వెనక గది దాదాపు ఖాళీ అయిపోయింది. గోడకి మేకులు మాత్రం మిగిలాయి. మూల బొగ్గుల పొయ్యి మీద మూకుడు, మూకుట్లో మరిగే నీళ్లు, పైన ఒకదానిమీద ఒకటి మూడు వెదురు బుట్టలు. గదంతా ఆవిరి. ఆ ఆవిరిలో పొట్టిగా, బొద్దుగా ఉన్న ఆడమనిషి నేలమీద గొంతుక్కూర్చుని పిండి వత్తుతోంది. వాంగ్ చెప్పాడు కాబోలు, వీళ్లని చూడగానే పీట చూపించి, పై బుట్ట మూత తీసింది.

వరహాలమ్మ బుట్టలోకి వంగి చూసింది. పన్నెండు తెల్లటి ముద్దలు ఆవిరిలో మెరుస్తున్నాయి.

“ఇదేనా?” అంది.

“ఇదే.”

“లోపల ఏటుంది?”

“ఏటమాంసం. తిను.”

ఆమె ఒకటి తీసుకుని, వేడికి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఊదింది. చిన్నగా కొరికింది. నమిలింది. తర్వాత మొత్తం తినేసి, ఇంకోటి అందుకుంది. మూడోది తింటూ, “ఉప్పు కొంచెం తక్కువ,” అంది.

బంగారయ్యకి ఎక్కడలేని సంతోషం కలిగింది.

చీనా ఆవిడ తర్వాతి వాయికి పిండి బిళ్లలు వత్తి, నడుమ కైమా పెట్టి, అంచుల్ని బొటనవేలితో చిన్నచిన్న మడతలుగా తిప్పుకుంటూ మూతి మూస్తోంది. వరహాలమ్మ కాసేపు ఆ వేళ్లనే చూసింది. కజ్జికాయల అంచు మెలిపెట్టడంలో పుట్టింట, పలాస చుట్టుపక్కల ఆమెకి పేరుండేది. అడక్కుండానే చెయ్యి కడుక్కుని ఒక బిళ్ల తీసుకుంది. మొదటిది నోరు తెరుచుకుంది. రెండోది కుదిరింది. చీనా ఆవిడ దాన్ని వెలుగులో పెట్టి చూసి, మడతలు లెక్కపెట్టి, తన భాషలో ఏదో అంటూ వరహాలమ్మ మోచేతి మీద తట్టింది. వరహాలమ్మ తన భాషలో, “మరేటనుకున్నావు,” అంది. ఆ తర్వాత ఇద్దరూ పోటీగా చుట్టారు. ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా గదిలో మాటలు ఆగలేదు.

బంగారయ్య గోడకి ఆనుకుని కూర్చుని తింటున్నాడు. నాలుగోది సగం తిన్నాక చెయ్యి ఆగింది.

“మా అన్న పరదేశి కొనేవోడు,” అన్నాడు.

వరహాలమ్మ తల తిప్పింది. అతనికి పరదేశి అనే అన్న ఉండేవాడని, బర్మాలో పోయాడని మాత్రమే ఆమెకి తెలుసు.

“రంగూను రేవులో ఇద్దరం బస్తాలు మోసీవోళ్లం. శనివారం శనివారం కావిడి మీద చీనావోడు తెచ్చీవోడు. మా అన్న రెండు కొని, పెద్దది నాకిచ్చీవోడు. జపానోడి బాంబులు పడ్డాక అందరితోపాటు ఇండియాకి నడిసి బయల్దేరినాం. అన్న ఆరు పౌక్సీలు లుంగీలో కట్టినాడు. కొండల్లోకి వొచ్చేసరికి ఒకటి మిగిలింది. రాయిలా అయిపోనాది. నాకు ఆకలేసి అడిగినాను. ఇచ్చీసినాడు. ఆడికి అప్పటికే వాంతులు పట్టుకున్నాయి, నాకు సెప్పనేదు. మర్నాడు తెల్లారేసరికి పోనాడు.”

చీనా ఆవిడ వత్తడం ఆపి, ఇద్దరి ముఖాలూ చూసింది.

“నాను అడిగి మరీ తిన్నాను వరాలూ.”

వరహాలమ్మ పిండి చేతులతోనే వచ్చి అతని పక్కన కూర్చుంది. తర్వాత అతని చేతిలో ఆగిపోయిన సగాన్ని నోటి దగ్గరికి నెట్టింది.

“నువ్వు అడక్కపోయినా ఇచ్చుండేవోడే. తిను.”

అతను తిన్నాడు. కన్నీళ్లు కారుతున్నా బాగుందనే తిన్నాడు. ఏడుపు చూసి కంగారుపడిన చీనా ఆవిడ అల్లం ఎక్కువైందేమోనని సైగలతో అడిగింది. ముందు వరహాలమ్మకి, తర్వాత అతనికి నవ్వొచ్చింది. ఎందుకో తెలియకపోయినా ఆవిడా నవ్వింది.

సాయంత్రం మెయిలుకి నూనె పోసే వంతు సత్తిరాజుది. బంగారయ్య అతని చేతిలోంచి డబ్బా లాక్కున్నాడు.

“ఆ మూడో తరగతి బోగీ ఒక్కటీ నాను సూస్తాను. మావోళ్లున్నారు.”

“మీవోళ్లెవరు?” అన్నాడు సత్తిరాజు.

బంగారయ్య అప్పటికే చక్రాల పక్కన వంగాడు. పెట్టెలన్నిటికీ మూత తీసి, పీచు సర్ది, నూనె నింపి, చేతి వెనకభాగం ఆనించి చూశాడు. మళ్లీ మొదటినుంచి ఒకసారి చూసుకుంటూ వచ్చాడు. లేచి నిలబడితే కిటికీలో వాంగ్ కనిపించాడు. ప్లాట్‌ఫారం వైపు లోపలినుంచి అతని భార్య, బయటినుంచి వరహాలమ్మ కిటికీ ఊచల మీద చేతులు వేసుకుని మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఎవరి భాషలో వాళ్లు.

“కలకత్తాలో దుకాణం ఎక్కడ?” అని బంగారయ్య హిందీలో అడిగాడు. వాంగ్ ఏదో వీధి పేరు చెప్పాడు గానీ, ఇంజను కూతలో కలిసిపోయింది. రైలు కదిలింది. చక్రాలు ఒక్కటీ కీచుమనకుండా మెత్తగా దొర్లి వెళ్లాయి. చివరి బోగీ మలుపు తిరిగేదాకా బంగారయ్య పట్టాల పక్కనే నిలబడ్డాడు.

ప్లాట్‌ఫారం మీద వరహాలమ్మ కొంగు కింద ఏదో దాచిపెట్టుకుని, పొట్టకి ఆనించుకుని నిలబడి ఉంది.

“ఏటది?”

“పిండి పులిపించే ముద్ద. ఆ యమ్మ ఇచ్చింది. ఎలా సెయ్యాలో సేతుల్తో సూపెట్టింది. రోజూ గుప్పెడు పిండి ఏసి, తడిగుడ్డ కప్పాలంట. శనివారానికి తయారవుతాది.”

ఇంటికి వచ్చి దీపం ముట్టించేసరికి పొయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. వరహాలమ్మ దాన్ని పొయ్యి గట్టుమీద ఒక పక్కగా పెట్టి, ఏటమాంసం ఎవరి దగ్గర మంచిది దొరుకుతుందో, ఉప్పు ఎంత వెయ్యాలో చెప్పుకుంటూ పోయింది. బంగారయ్య పీట మీద కూర్చుని అటే చూస్తున్నాడు. అంచు కాస్త విరిగిన, నీలిపూల పింగాణీ గిన్నె. అందులోని పులిసిన పిండి ముద్ద పైన కప్పిన తడిగుడ్డను మెల్లమెల్లగా పైకి లేపుతోంది.