మిల్ఫర్డ్ దారిలో ముందు సీటు

సుభద్ర భర్త శ్రీనివాసమూర్తికి రెండు జబ్బులున్నాయి. ఒకటి కంటిది, దానికి చుక్కల మందు ఉంది. రెండోది మొహమాటం, దానికి మాత్రం ఇంతవరకూ ఎవరూ మందు కనిపెట్టలేదు.

కంటి జబ్బు పేరు గ్లకోమా. అందులో చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుపోతూ వస్తుంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కనున్నది మాత్రం లేనట్టే. వెల్లింగ్టన్ పక్క లోవర్ హట్‌లో వాళ్ల ఇంట్లో ఏ గుమ్మం దాటినా అతని భుజం తగలకుండా ఉండేది కాదు. చేతి పక్కనే పెట్టిన మంచినీళ్ల గ్లాసు తోసేసి, అది అక్కడెవరు పెట్టారని అడిగేవాడు. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎంతకాలం ఉంటుందో చెప్పలేననీ డాక్టరమ్మ చెప్పింది. కారు నడపవద్దని కూడా చెప్పింది. వెల్లింగ్టన్‌లో ఆఫీసుకి అతను మొదటినుంచీ రైల్లోనే వెళ్తాడు కాబట్టి కారు మానేసిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఈ విషయం బయట పొక్కనివ్వనని సుభద్ర చేత ఒట్టు వేయించుకున్నాడు, ఆమె చెయ్యి తీసుకుని తన నెత్తిన పెట్టుకుని మరీ. జాలిపడే మొహాలు చూడలేనన్నాడు.

ఈ దేశం వచ్చి ఇన్నేళ్లయినా వాళ్లు సౌత్ ఐలండ్ చూడలేదు. పిల్ల చదువు, ఇంటి లోను, ఇండియా ప్రయాణాలు, ఎప్పుడూ ఏదో ఒక అడ్డం. రిటైరయ్యాక కారులో తీరిగ్గా తిరుగుదాం అనుకున్నారు. ఇప్పుడు రిటైర్మెంటు దాకా ఆగే వీలూ లేదు, సుభద్రకి నడపడం రాదు కాబట్టి కారూ లేదు. అందుకని క్రైస్ట్‌చర్చ్‌లో బయల్దేరే కోచ్ టూరు బుక్ చేసింది సుభద్ర. "అన్నిటికన్నా మిల్ఫర్డ్ సౌండ్‌కి వెళ్లే దారి చూడాలని ఉంది," అన్నాడు మూర్తి ఒకే ఒకసారి, కొండల మధ్యకి సముద్రం చొచ్చుకొచ్చిన ఆ చోటు బొమ్మ చూస్తూ. ఆమెకి అది చాలు. మిగతావి చూసినా చూడకపోయినా, ఆ దారి మాత్రం అతని కళ్లలో పడి తీరాలి.

మొదటి పొరపాటు మొదటి రోజే జరిగింది. గైడు పేరు ట్రేసీ. బస్సు కదలకముందే ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, కాళ్లకి గానీ కళ్లకి గానీ ఇబ్బంది ఉన్నవాళ్లుంటే చెప్పమనీ, టూరు పొడుగునా ముందు సీటు ఇస్తాననీ అంది. మూర్తి తల అడ్డంగా ఊపి, అబ్బే, అలాంటిదేమీ లేదన్నాడు. సుభద్ర కంగారుపడలేదు. మనవాళ్లలో మొదటిసారి వద్దన్నది లెక్కలోకి రాదు కదా. రెండోసారి అడుగుతుంది, అప్పుడు తను మోచేత్తో పొడిస్తే ఒప్పుకుంటాడు అనుకుని మోచెయ్యి సిద్ధంగా పెట్టుకుని కూర్చుంది. ట్రేసీ చక్కగా నవ్వి, సరే మంచిదని వెనక వరుసకి వెళ్లిపోయింది. ఈ దేశంలో వద్దంటే వద్దనే అర్థమని సుభద్రకి తెలియక కాదు. తెలిసీ ప్రతిసారీ ఇలాగే బోల్తా పడుతుంది.

పక్క కిటికీ మూర్తికి ఎందుకూ పనికిరాలేదు. బస్సు వేగానికి కొండలు ఇలా వచ్చి అలా పోయేవి. అతను తల తిప్పి వెతుక్కునేలోపు అవి వెనకబడేవి. టెకాపో దగ్గర నీలంగా సరస్సు కనబడితే బస్సులో అందరూ ఒక్కసారిగా "అబ్బ" అన్నారు. మూర్తి కూడా అన్నాడు, కాని అతను చూస్తున్నది అవతలి వైపు కంచె కేసి. చూశారా అని సుభద్ర అడిగితే, చూశానన్నాడు. 

ఆ మధ్యాహ్నం ఒక చోట దిగడానికి మూర్తి ముందుకెళ్లి, బస్సు ఇంకా నెమ్మదిగా పోతుండగానే డ్రైవరు పక్కన నిలబడ్డాడు. ఎదుటి పెద్ద అద్దంలోంచి చూసి, "అదిగో సుభద్రా, ఆ చివర మంచు," అన్నాడు. ఎవరూ చూపించకుండా అతనంతట అతను చూసిన మొదటి కొండ అది. ముందు వరుసలో కూర్చుంటే దూరం నుంచే అన్నీ అతనికెదురు వస్తాయని ఆమెకి అప్పుడర్థమైంది. ఆ బస్సులో రోజుకోసారి అందరూ రెండేసి వరుసలు జరగాలి. అలా జరుగుతూ పోతే తలుపు వైపు ముందు వరుస తమకి ఎప్పుడు వస్తుందని ట్రేసీని అడిగింది. సరిగ్గా మిల్ఫర్డ్ వెళ్లే రోజున అని ట్రేసీ చెప్పగానే, సుభద్ర అక్కడే నిలబడి వెంకన్నకి దణ్ణం పెట్టుకుంది.

ఆ వెంకన్నే పరీక్షగా జనార్ధనరావుని పంపాడు. హాబ్సన్‌విల్ అనే ఆక్లండ్ శివారు నుంచి వచ్చిన మనిషి, గుంటూరు వైపువాడు. బస్సులో వీళ్లు కాక ఉన్న తెలుగువాళ్లు ఆయనా, ఆయన భార్య సరోజినీ మాత్రమే. మొదటి పూటే మూర్తిని బావగారూ అనీ, సుభద్రని చెల్లెమ్మా అనీ పిలిచి చుట్టరికం కలిపేశాడు. మంచివాడే, అదే వచ్చిన చిక్కు. సూట్‌కేసులో చిన్న రైస్‌కుక్కర్ తెచ్చుకుని, ఆగిన ప్రతి మోటెల్లోనూ అన్నం వండించి వీళ్లిద్దర్నీ పిలిచి పెట్టాడు. ఒకసారి సుభద్ర బద్ధకించి, భోజనానికి రాలేను, మోకాలు నొప్పి అని అబద్ధమాడింది. సరోజిని తైలం సీసాతో గదికొచ్చి, వద్దంటున్నా వినకుండా మోకాలు రుద్ది వెళ్లింది. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, వీడియోలు తీసి చుట్టాలందరికీ పంపడం.

మిల్ఫర్డ్‌కి ముందు రాత్రి ఆగిన టె అనౌలో భోజనాల దగ్గర ఆయన అడగనే అడిగాడు. రేపు ముందు సీటు మీది కదా బావగారూ, మాకిస్తే మిల్ఫర్డ్ దారంతా అద్దంలోంచి తీసుకుంటాను అన్నాడు. మూర్తి చేతిలో పెరుగన్నం ముద్ద, అదీ ఆయన పెట్టిందే.

"దానికేముంది బావగారూ, మేమెక్కడ కూర్చుంటే ఏం," అన్నాడు మూర్తి.

సుభద్రకి కంచం తీసి నేలకేసి కొట్టాలనిపించింది. పెరుగు ఇంకొంచెం వేసుకుంది.

భోజనం అయ్యాక సరస్సు ఒడ్డున నడుస్తూ ఇదేం పని అని నిలదీసింది. ఇంకా వెలుగుంది, అయినా గట్టు అంచు తగలకుండా అతని మోచెయ్యి పట్టుకునే నడిపించింది.

"కాదంటే ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పమంటావు?"

"ఏమీ చెప్పకండి. కుదరదనండి, అంతే."

"కారణం చెప్పకుండా కాదంటారా ఎవరైనా? మన తిండి చూస్తున్న మనిషిని?"

నిజమే, అనరు. మనలో కాదనడానికి కారణం కావాలి, అది వినేవాడికి నచ్చాలి, నచ్చేదాకా ఇంకో కారణం చెబుతూ పోవాలి. అసలు కారణం ఒట్టు కింద పడి ఉంది. అబద్ధం చెబితే తైలం సీసా వస్తుంది. అతను నడుస్తూ ఆగి, ఆవలి కొండల కేసి కాకుండా కాళ్ల కేసి చూసుకుంటూ, పోనీలే, వెనక నుంచి చూసినా దారి దారేగా అన్నాడు. ఆ మాటకి సుభద్రకి కోపం పోయి ఏడుపొచ్చింది. అప్పుడే నిశ్చయించుకుంది. కారణం లేకుండా కాదనే మనిషి ఎవరో ఒకరు కావాలి కాబట్టి, ఆ మనిషి తనే అవుతుంది. చెడ్డపేరొస్తే రానీ. కళ్లు పోయాక మంచిపేరు పెట్టుకుని ఏం చేసుకుంటారు?

పొద్దున్నే బస్సు తలుపు తెరవగానే అందరికన్నా ముందు ఎక్కి, మొదటి వరుసలో సర్దుకుని కూర్చుంది. పక్క సీట్లో తన హ్యాండ్‌బ్యాగు పెట్టింది. జనార్ధనరావు మెడలో కెమెరా వేసుకుని, చేతిలో దానికొక స్టాండుతో ఎక్కాడు. వెనక సరోజిని.

"బావగారు చెప్పలేదా చెల్లెమ్మా? ఈ సీటు ఇవాళ మాకన్నారే."

"చెప్పారన్నయ్యగారూ. నేనే ఇవ్వనంటున్నాను."

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"మరి?"

కారణాలు నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. తల తిరుగుతోందనొచ్చు. వాంతి అనొచ్చు. సుభద్ర పళ్లు బిగించి వాటన్నిటినీ వెనక్కి పంపింది.

"ఇవ్వాలని లేదండీ," అంది.

జనార్ధనరావుని ఆయన జీవితంలో తెలుగు ఆడది ఎవరూ అలా కాదని ఉండరు. ఆయన నవ్వబోయి, ఆమె నవ్వకపోవడం చూసి మానేశాడు.  సరోజిని తను తైలం రాసిన మోకాలి కేసి ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ చూపు తిట్టుకన్నా ఎక్కువే తగిలింది.  సాయంత్రానికల్లా ఆక్లండ్‌లోనూ వెల్లింగ్టన్‌లోనూ తెలుగిళ్లలో తన సంగతి ఫోన్లలో మోగుతుందని సుభద్రకి తెలుసు. అయినా పక్క సీట్లో బ్యాగు తియ్యలేదు.

వాళ్ల వెనకే మూర్తి ఎక్కాడు. మెట్ల మీదే అంతా విన్నట్టున్నాడు, మొహం కందిపోయింది. వంగి, లే సుభద్రా అన్నాడు చిన్నగా. లేవను, కూర్చోండి అంది బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుని. ఇంకో మాట అనేవాడే కాని, వెనక మెట్ల మీద ఇంకా ఇద్దరు ముసలివాళ్లు నిలబడి ఉన్నారు, వాళ్లని ఆపుతున్నానని మొహమాటపడి చప్పున కూర్చున్నాడు. ఆ జబ్బు వల్ల జరిగిన మేలు బహుశా అదొక్కటే.

 అతను చేతులు ఒళ్లో పెట్టుకుని శిక్ష పడ్డవాడిలా కూర్చున్నాడు. అడవి దాటగానే లోయ విప్పారింది. పచ్చగడ్డి మైదానం మధ్యలో దారి సూటిగా పోతోంది, దాని కొసన మంచుకొండ. అది పక్కకి పోదు, దాక్కోదు. వీళ్ల కోసమే వస్తున్నట్టు నిమిష నిమిషానికీ పెద్దదవుతోంది. సుభద్ర కొండని చూడలేదు, అతన్ని చూసింది. అతని చేతులు ఒళ్లోంచి లేచి ముందున్న కడ్డీని పట్టుకున్నాయి.

"ఎంత పెద్దదో," అన్నాడు. తర్వాత ఆగకుండా ఒకటొకటీ చెప్పడం మొదలుపెట్టాడు, అక్కడ మబ్బు, దాని కింద గీతలా జలపాతం, అదిగో ఇంకోటి. ఆమె కళ్లకి ఆ రెండోది ఆనలేదు.

కొండలోంచి తొలిచిన సొరంగం ముందు ఎర్ర లైటు దగ్గర బస్సు ఆగింది. లోపల ఒక బస్సే పట్టే దారి, గోడలు నల్లటి రాయి. చీకట్లో కిందికి దిగుతూ దిగుతూ ఒక్కసారిగా వెలుగులోకి వచ్చేసరికి ఎదురుగా లోయంతా పాతాళం దాకా తెరుచుకుని ఉంది.  మూర్తి కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఆ కాస్తసేపు చూడకుండా పోతుందని. సుభద్రకి పొద్దుట్నుంచీ ఉన్న బెదురు అక్కడ పోయింది. ఎవరేమనుకున్నా సరేననుకుంది.

మిల్ఫర్డ్‌లో పడవ ఎక్కారు. జనార్ధనరావు దంపతులు పై అంతస్తుకి వెళ్లిపోయారు, మధ్యాహ్నం అన్నానికి పిలవలేదు. తను కోరింది దక్కింది కాబట్టి సుభద్ర మనసు మెత్తబడింది. తిరిగి వెళ్లేదీ ఆ దారినే కదా, ఇప్పుడివ్వడానికేం అనిపించింది. పడవ దిగాక తనే సరోజిని దగ్గరికి వెళ్లి, తిరుగు ప్రయాణంలో మీరిద్దరూ ముందు కూర్చోండి వదినగారూ అంది. సరోజిని మొహం విప్పారింది. జనార్ధనరావు అప్పుడే స్టాండు తీసి బస్సు వైపు నడిచాడు.

మూర్తి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. తప్పుకోలేదు.

"బావగారూ, ఆ సీటు నేను ఇవ్వను," అన్నాడు.

"అదేంటి, చెల్లెమ్మే ఇచ్చింది. వచ్చేటప్పుడు చూశారుగా?"

"చూశాను. అందుకే ఇంకోసారి చూడాలి." మూర్తి గొంతు సర్దుకున్నాడు. "నాకు చూపు పోతోందండీ. పక్కలు ఇప్పటికే పోయాయి. ఎదురుగా ఉన్నదే కనిపిస్తోంది, అది కూడా ఎన్నాళ్లో తెలీదు. నేను ఒట్టేయించుకుంటే నోరు కట్టుకుంది కాబట్టి మా ఆవిడ పొద్దున మీ దగ్గర చెడ్డదైంది."

జనార్ధనరావు చేతిలో స్టాండు కిందికి దిగింది. ముందే చెప్పుంటే అడిగేవాణ్ణే కాదు కదా బావగారూ అన్నాడు.

"చెప్పకపోయినా అది నా సీటే," అన్నాడు మూర్తి. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు. తలుపు అంచు చేత్తో తడిమి చూసుకుని ఎక్కాడు.

 పెళ్లయిన దగ్గర్నుంచీ అతను ఎవరినైనా కాదనగా సుభద్ర వినడం ఇదే మొదలు. పక్కన సరోజిని చీరకొంగుతో కళ్లొత్తుకుంటోంది. ఆమె చెయ్యి పట్టుకుని, రండి వదినగారూ, నా సీట్లో అన్నయ్యగారిని కూర్చోనివ్వండి, నేను మీ పక్కన కూర్చుంటాను అంది.

"వద్దు," అన్నాడు మూర్తి లోపల్నుంచి. "నువ్వే రా. పక్కనేముందో నాకు చెప్పాలి నువ్వు."

ఆమె వెళ్లి కూర్చుంది. బస్సు కదిలింది. మూర్తి ఎదుటి అద్దం మీంచి చూపు తిప్పకుండా, ఎడమ పక్క ఏముందని అడిగాడు.

"ఏరు. రాళ్ల మీంచి దూకుతోంది, నురగ తెల్లగా ఉంది."

"కుడి పక్క?"

సుభద్ర డ్రైవరు భుజం మీదుగా మెడ సాచి చూసింది.

"కొండ. నిట్టనిలువు. పైనుంచి కిందిదాకా నీళ్లు జారుతున్నాయి, ఎక్కడ మొదలో కనబడటం లేదు."

"ఊఁ," అన్నాడు. "ఆపకు, చెప్తూ ఉండు."