మోకాలి లోతు నీళ్ళు

తువ్వాళ్ళ పిన్ని మోచెయ్యి నీళ్ళలో ముంచి చూసి పెదవి విరిచింది. ఇంకా చల్లగానే ఉన్నాయి. తెల్లవారకముందే బాప్తిస్మపు తొట్టి కుళాయి తిప్పింది. నడుం లోతు నిండేసరికి మూడు గంటలు పట్టింది. ఆపైన తన గదిలో కాచిన రెండు బకెట్ల వేడినీళ్ళు మోసుకొచ్చి పోసింది. అంత తొట్టికి రెండు బకెట్లు ఏ మూలకి? అయినా ప్రతిసారీ పోస్తుంది. బకెట్లు ఎత్తొద్దు, గుండె తట్టుకోదు అని డాక్టరు చెప్పి ఆరు నెలలైంది. అప్పుడు బుద్ధిగా తల ఊపి వచ్చింది. తల ఊపడం ఆమెకు మొదటినుంచీ అలవాటే.

ఆ మందిరంలో ఆమె పని ఊడవడం, తుడవడం, బెంచీలు సర్దడం. పేరు తెచ్చిపెట్టింది మాత్రం తువ్వాళ్ళు. నీళ్ళలోంచి వణుకుతూ మెట్లెక్కి వచ్చే ఆడవాళ్ళ చుట్టూ తువ్వాలు కప్పి, తెర వెనక్కి తీసుకెళ్ళి తల తుడుస్తుంది. "నెమ్మదమ్మా, మెట్టు జారుతుంది" అంటుంది. "కుదుళ్ళు ఆరాలి, లేకపోతే జలుబు పట్టుకుంటుంది" అంటుంది. ఇరవయ్యారేళ్ళుగా ఇవే మాటలు. సంఘంలో సగంమంది ఆడవాళ్ళ తలలు ఆమె చేతుల్లో ఆరినవే.

ఆ శనివారం ఐదుగురు. ఆఖరున వచ్చింది బట్టల కొట్లో పనిచేసే అమ్మాయి. తల తుడిపించుకుంటూ, పళ్ళు టకటకలాడుతుండగానే అడిగింది.

"పిన్నీ, నీ బాప్తిస్మం రోజున నీకెలా అనిపించింది?"

పిన్ని చేతులు ఆగిపోయాయి. ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

"చల్లగా అనిపించిందమ్మా" అంది.

అమ్మాయి పకపకా నవ్వింది. పిన్ని కూడా నవ్వింది. నవ్వుతూనే తన ముఖం ఆ పిల్లకి కనబడకుండా తువ్వాలు ముందుకు లాగింది.

ఎందుకంటే తువ్వాళ్ళ పిన్నికి బాప్తిస్మమే కాలేదు. భర్త చనిపోయిన ఏడాది పని వెతుక్కుంటూ ఈ గేటు దగ్గరికొచ్చినప్పుడు, అప్పటి పాస్టరుగారి భార్య "మనవాళ్ళేనా? బాప్తిస్మం అయిందా?" అని అడిగింది. పనితోపాటు గది కూడా ఇస్తారని విన్న పిన్ని తల ఊపింది. అంతే, ఒక్క తల ఊపు. ఆ పాస్టరుగారు వెళ్ళిపోతూ కాగితాల్లో ఆమెను విశ్వాసురాలని రాసిపోయారు. తర్వాత వచ్చినాయన అదే చదువుకున్నారు. తొట్టి నింపే మనిషి తొట్టిలో దిగలేదని ఎవరికి తడుతుంది?

ఆమె నమ్మకపోతే బాధే లేదు. నమ్మింది. ఎప్పుడు నమ్మిందో ఆమెకే తెలియదు. ఎన్నో ఏటో ఒక మధ్యాహ్నం బెంచీలు తుడుస్తూ తుడుస్తూ, తాను చాలాసేపటినుంచి ప్రభువుతో మాట్లాడుతున్నానని గమనించుకుంది. మోకాళ్ళ నొప్పులు, చెల్లెలి కూతురు ఫోను చెయ్యకపోవడం, అన్నీ చెప్పుకుంటోంది. ఆ రోజునుంచి తల ఊపు ముల్లులా గుచ్చుకుంది. నెలకోసారి, బాప్తిస్మం అయినవాళ్ళే రొట్టె పుచ్చుకునే ప్రభువు బల్ల జరిగే ఆదివారం, రొట్టె పళ్ళెం తన వరసకి రాకముందే లేచి పెరట్లోకి పోయేది. కడిగిన బకెట్టునే మళ్ళీ కడిగేది. పాపం, ఎంత పనిమంతురాలో అనుకునేవారు అందరూ. లోపల పాటలు అయిపోయేదాకా ఆమె కుళాయి దగ్గరే కూర్చునేది, ఒంటరిగా, ఇంట్లో విందు జరుగుతుంటే బయట నిలబడ్డ మనిషిలా. రేపు మళ్ళీ ఆ ఆదివారమే.

మధ్యాహ్నానికి అందరూ వెళ్ళిపోయారు. పిన్ని అలవాటుకొద్దీ గొలుసు పట్టుకుని తొట్టి అడుగున ఉన్న బిరడా లాగేసింది. తలెత్తితే పాస్టరుగారు పుస్తకం సర్దుకుంటున్నారు. మంచివాడు, ఆమెకు కొడుకు వయసువాడు.

"అయ్యగారూ, నాకు బాప్తిస్మం కాలేదు."

"ఊరుకో పిన్నీ, నువ్వు కూడా హాస్యాలాడతావా?"

"హాస్యం కాదయ్యా. అప్పుడు అబద్ధం చెప్పాను. ఇందాక ఆ పిల్లకి ఇంకోటి చెప్పాను. ఇంక నావల్ల కాదు. పని మానెయ్యమంటే మానేస్తాను, గది ఖాళీ చెయ్యమంటే చేసేస్తాను. ప్రభువు దగ్గర మాత్రం దొంగలా ఉండలేను."

ఆయన బెంచీ మీద కూలబడ్డారు. చేతిలోని పుస్తకం పక్కన పెట్టారు. పిన్ని కిటికీలోంచి తన గదివైపు చూసింది. ఈ వయసులో గది పోతే ఎక్కడికని వెళ్తుంది?

"ఏడేళ్ళయింది నేనొచ్చి" అన్నారు. "ఒక్కసారైనా అడగలేదు నిన్ను. నీది తల ఊపిన తప్పు, నాది తలెత్తి చూడని తప్పు. ఏ గదీ ఖాళీ చెయ్యక్కర్లేదు. వచ్చే నెల అందరి ముందూ ఇద్దాం, ఘనంగా."

"ఇవాళే ఇవ్వండయ్యా. ఈ ధైర్యం వచ్చే నెలదాకా నిలవదు."

అప్పుడు వినబడింది గుడగుడమని చప్పుడు. ఇద్దరూ తొట్టివైపు చూశారు.

"అయ్యో నా మతిమండా!" అని పిన్ని పరుగెత్తింది. ఆయన కోటు చేతులతోసహా వంగి బిరడా బిగించేసరికి మోకాలి లోతు మిగిలింది.

నమ్ముతున్నావా అని ఆయన అడిగారు. ఈసారి ఆమె తల ఊపలేదు. "నమ్ముతున్నానయ్యా" అంది, ఖాళీ బెంచీలన్నిటికీ వినబడేలా. నీళ్ళలో కాళ్ళు చాపి కూర్చుంది. ఆయన వీపు కింద చెయ్యిపెట్టి వెనక్కి వాల్చారు. ముఖం మునిగింది, మోకాలు పైకి తేలింది.

"మోకాలు పిన్నీ, మోకాలు!" అని దాన్నీ నొక్కి ముంచారు.

లేచింది. పాట పాడేవాళ్ళు లేరు. స్తోత్రమనేవాళ్ళు లేరు. మెట్టు మీద కాలుపెడుతూ "నెమ్మది, మెట్టు జారుతుంది" అని తనకు తానే చెప్పుకుంది. తువ్వాళ్ళన్నీ తడిసి గంపలో ఉన్నాయి. పాస్టరుగారు గబగబా కిటికీ తెర ఊడదీసి ఇచ్చి, అటు తిరిగి నిలబడ్డారు. పిన్ని తన తల తానే తుడుచుకుంది. ఎంత తుడిచినా ముఖం తడిగానే ఉంది. వెక్కి వెక్కి ఏడుస్తోందని ఆమెకు కాసేపటికిగానీ తెలియలేదు. సంతోషమే. పంచుకోవడానికి మనిషి లేని సంతోషం.

"రేపు బల్లకి నేనూ కూర్చోవచ్చా అయ్యగారూ?"

"మొదటి వరసలో కూర్చో. పళ్ళెం ముందు నీ దగ్గరికే తెస్తాను."

తెర చుట్టుకుని పెరటి దారిన గదికి వెళ్ళిపోయింది.

ఆదివారం పొద్దున మందిరం తలుపులు మూసే ఉన్నాయి. పాస్టరుగారు గదికి వెళ్ళి చూశారు. పిన్ని మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. ఇస్త్రీ బట్టలు కట్టుకుంది, తల నున్నగా దువ్వుకుంది. ఒళ్ళు ఎప్పుడో చల్లబడిపోయింది.

సంఘానికి ఆయన దాపరికం లేకుండా చెప్పారు. "తువ్వాళ్ళ పిన్ని నిన్న మధ్యాహ్నం బాప్తిస్మం తీసుకుంది. ఇవాళ తెల్లవారకముందే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది." నిన్ననా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బట్టల కొట్టు అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నిన్న తన తల తుడిచినవి ఆ పిన్ని చేతులే. ఆయన రొట్టె పళ్ళెం పట్టుకుని ఖాళీగా ఉన్న మొదటి వరస ముందు కాసేపు నిలబడి, తర్వాత రెండో వరసకి వెళ్ళారు.

అందరూ వెళ్ళాక, తొట్టిలో మిగిలిన నీళ్ళు వదలడానికి ఆ అమ్మాయే వెళ్ళింది. పైమెట్టు మీద పిన్ని చెప్పులు ఉన్నాయి. ఎడమదానికి తెగిన పట్టీ దగ్గర పిన్నీసు గుచ్చి ఉంది. రెండూ పక్కపక్కన, నీళ్ళవైపు తిరిగి ఉన్నాయి.