రెండువందల పన్నెండో మజిలీ

నలభై ఆరేళ్ళొచ్చాక మళ్ళీ బెంచీ మీద కూర్చుని పాఠం వినడం ఎంత ఇబ్బందో మా లెక్చరరమ్మని అడగాలి. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో ఫిజిక్స్ చెప్తూ, "వెనకబెంచీ, ఏమిటా గుసగుసలు" అని కసిరిన మనిషి. ఇప్పుడు తనే మెడలో కార్డు వేలాడేసుకుని, వెనకబెంచీలో బిక్కమొహం వేసుకుని కూర్చుంది. చుట్టూ అందరూ పాతికేళ్ళ పరిశోధక విద్యార్థులు. వాళ్ళు మాట్లాడుతూనే కీబోర్డు మీద టకటకా కొట్టేస్తున్నారు. ఈవిడ ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కుతోంది.

ఇదంతా ఏనుగు కోసం. ఏనుగంటే అడవిలోది కాదు. శిక్షణ ఇచ్చే ఆ పరిశోధన కేంద్రంలో ఉన్న సూపర్ కంప్యూటర్‌కి వాడేవాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు. గదినిండా నల్లటి బీరువాల్లా నిలబడి ఉంటుంది, కరెంటు మేస్తుంది, ఘీంకరిస్తుంది. మామూలు కంప్యూటర్ నూరేళ్ళు కూర్చున్నా తేల్చలేని లెక్కలు వారంలో తేల్చేస్తుంది. నక్షత్రాల మీద, గెలాక్సీల మీద పనిచేసేవాళ్ళందరికీ దానిమీదే కన్ను. అయితే ఎవరు పడితే వాళ్ళు ఎక్కడానికి వీల్లేదు. ముందు ఐదు రోజుల శిక్షణ, చివర్న పరీక్ష. గట్టెక్కితే అర్జీ పెట్టుకోవాలి. అర్జీ నచ్చితే ఏడాదికి ఒక్కసారి ఇన్ని గంటలని ఇస్తారు. అవి అయిపోతే మళ్ళీ ఏడాది దాకా గుమ్మం ముఖం చూడక్కర్లేదు.

లెక్చరరమ్మకి సొంతానికి ఏ గంటలూ అక్కర్లేదు. కావలసింది మాస్టారికి.

మాస్టారంటే ఆవిడకి డాక్టరేట్ చేయించిన పెద్దాయన. అరవై ఆరు దాటాయి. ముప్పై ఏళ్ళ కిందట ఆయన ఒక మాట రాశారు. పెద్ద గెలాక్సీ ఒకటి చిన్న గెలాక్సీని మింగేస్తే, చిన్నది పూర్తిగా కలిసిపోదు, దాని గుండెకాయ లాంటి నడుమ భాగం పెద్దదాని కడుపులో అలాగే తిరుగుతూ మిగిలిపోతుంది అని. ఎవరూ నమ్మలేదు. మీటింగుల్లో నవ్వారు కూడా. ఆ నవ్వు ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది. అది తేల్చుకుందామనే ఏనుగు మీద లెక్క మొదలుపెట్టారు. మూడేళ్ళు నడిచింది. లెక్క కొంతదూరం పోయి ఆగినప్పుడల్లా అప్పటి స్థితి అంతా ఒక ఫైల్లో దాచుకుంటుంది. ఆ ఫైలుని మాస్టారు మజిలీ అనేవారు. మొత్తం రెండువందల నలభై మజిలీలు. రెండువందల పన్నెండు దాకా వచ్చేసరికి ఆయన రిటైరయ్యారు. రిటైరైనవాళ్ళకి ఏనుగు మీద గంటలివ్వరు. చిన్నది సగం నలిగి, సగం మిగిలి, తెరమీద అలా నిలిచిపోయింది.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఊపిరితిత్తులు పాడయ్యాయని, మహా అయితే మూడు నాలుగు నెలలని డాక్టర్ చెప్పాడు. అప్పుడు లెక్చరరమ్మ మంచం పక్కన కూర్చుని, "మిగతా ఇరవై ఎనిమిదీ నేను నడిపిస్తాను మాస్టారూ" అంది.

"చిన్నది మిగులుతుందో లేదో చూసి పోతానమ్మాయ్, చాలు" అన్నారాయన. "లేదని తేలినా ఫర్వాలేదు. తెలియాలి."

అదీ సంగతి. అందుకే కాలేజీకి సెలవు పెట్టి, మొగుడికీ కూతురికీ వంటిల్లు అప్పజెప్పి, వచ్చి బెంచీ మీద కూర్చుంది.

శిక్షణ చెప్పినావిడ గట్టి మనిషి. పొట్టి జుట్టు, పెద్ద గొంతు. విద్యార్థులు చాటుగా హెడ్డమ్మ అనేవాళ్ళు. మొదటిరోజే రెండు మాటలు బోర్డు మీద రాసి, ఐదు రోజులూ చెరపనివ్వలేదు. ఒకటి, లెక్క మొదలయ్యాక పదినిమిషాలు కుర్చీలోంచి లేవొద్దు, మొదట పడే మాటలు చదవండి. రెండు, వేరేవాళ్ళు రాసిన పాత స్క్రిప్టు చేతికొస్తే, ప్రతి లైనూ అనుమానించండి. స్క్రిప్టంటే ఏం చెయ్యాలో మెషిన్‌కి వరసగా రాసిచ్చే పనుల చీటీ అన్నమాట.

"మా మాస్టారి స్క్రిప్టండీ. మూడేళ్ళు నడిచింది, ఒక్కసారి తప్పలేదు" అంది లెక్చరరమ్మ కాస్త రోషంగా.

"మీ మాస్టారు గొప్పవారే అయ్యుంటారు. లైన్లకి ఆ సంగతి తెలీదు కదండీ" అంది హెడ్డమ్మ. అందరూ నవ్వారు. లెక్చరరమ్మకి ఒళ్ళు మండింది.

పరీక్షలో గట్టెక్కింది. అర్జీ పెట్టింది. ముప్పై మజిలీలకి సరిపడా గంటలిచ్చారు. కావలసింది ఇరవై ఎనిమిదే. ఆ రోజు ఇంటికి మిఠాయి పట్టుకెళ్ళింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. మజిలీ ఫైళ్ళు మహా పెద్దవి. వాటిని దాచే డిస్కు తాత్కాలికం. లెక్క నడుస్తున్న బృందాల ఫైళ్ళ జోలికి పోదు గానీ, లెక్క ఆగిపోయాక అరవై రోజులు ఎవరూ ముట్టుకోని ఫైలుని అది తనంతట తనే తుడిచేస్తుంది. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళందరికీ ఒక దొంగ అలవాటు ఉంది. నెల మొదటి తారీకున ఒక చిన్న ఆజ్ఞ ఇస్తారు, ఫైళ్ళన్నిటి మీదా తేదీ ఆ రోజుకి మారిపోతుంది. డిస్కు మోసపోతుంది. దీన్ని వాళ్ళు నిద్రలేపడం అంటారు. రూలుకి విరుద్ధమే. చెయ్యనివాడు లేడు. లెక్చరరమ్మకి గంటలు లేకపోయినా పాత బృందంలో పేరుంది కాబట్టి లోపలికి వెళ్ళగలదు. మాస్టారే నేర్పారు. పధ్నాలుగు నెలలు, కళ్ళలో వత్తులు వేసుకుని, ఒక్క నెల తప్పకుండా రెండువందల పన్నెండు ఫైళ్ళనీ నిద్రలేపింది. కూతురి పుట్టినరోజైనా మరిచిపోయిందేమో గానీ ఒకటో తారీకు మరిచిపోలేదు.

మాస్టారి స్క్రిప్టు తెరిచి ఒక్కో లైనూ చదివింది. హెడ్డమ్మ మీద కోపమున్నా మాట మాత్రం విన్నది. మధ్యలో ఒక లైను ఉంది. ఉన్న మజిలీల్లో అన్నిటికంటే తాజా తేదీ ఉన్నదాన్ని తీసుకుని అక్కణ్ణించి మొదలుపెట్టు, అని. ఎంత తెలివిగా రాశారు అనుకుంది. నంబరు చేత్తో ఇవ్వక్కర్లేదు, పొరపాటుకి చోటే లేదు. ఆ లైను మీద వేలుపెట్టడానికి మనసొప్పలేదు. అలాగే క్యూలో పెట్టింది.

క్యూ తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు పొద్దున్న స్టాఫ్ రూములో చూస్తే "నడుస్తోంది" అని కనిపించింది. ఇంకేముంది, సంతోషంతో కాళ్ళు నేలమీద ఆగలేదు. పదినిమిషాలు కూర్చోమని బోర్డు మీద ఐదు రోజులు చూసిన మనిషి, బ్యాగు భుజాన వేసుకుని బస్సెక్కింది. మాస్టారికి ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. మొహం చూస్తూ చెప్పాలనుకుంది. పిచ్చిది.

మాస్టారు కిటికీ పక్కన మంచం మీద ఉన్నారు, ముక్కుకి గొట్టం. "మొదలైంది మాస్టారూ" అంటే ఆయన కళ్ళు మెరిశాయి. భార్యని పిలిచి, "విన్నావా, చిన్నది కదిలింది" అన్నారు. పిన్నిగారు చీరచెంగుతో కళ్ళు తుడుచుకున్నారు. లెక్చరరమ్మ ఆవిణ్ణి మొదట్నించీ పిన్నిగారూ అనే పిలుస్తుంది. ఆ పూట మాస్టారు నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నారట.

ఆ వారం కాలేజీలో పరీక్షలు. ఊపిరి పీల్చుకునే తీరిక లేదు. రోజూ ఒకసారి చూసేది. "నడుస్తోంది" అని ఉండేది. మాస్టారి స్క్రిప్టు మహా పొదుపరి. మొదట ఒక మాట, చివర్న ఒక మాట, అంతే రాస్తుంది. మొదటిమాట తెరిచి చూడాలని ఆవిడకి తట్టనే లేదు. ఏనుగు నడుస్తోందంటే ముందుకే నడుస్తోంది అనుకుంది.

ఏడో రోజు ముగిసింది. తెరిచి చూసింది.

మొదటి మజిలీ నుంచి ప్రారంభం. ముప్పై ఒకటో మజిలీ ముగిసింది. కేటాయించిన గంటలు పూర్తయ్యాయి.

మూడుసార్లు చదివింది. అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు, అదే ఘోరం. నిద్రలేపీ నిద్రలేపీ ఫైళ్ళన్నిటికీ ఒకటే తేదీ, ఒకటే నిమిషం చేసిపెట్టింది. అన్నీ సమానంగా తాజావే అయినప్పుడు తాజాది ఏది? మెషిన్ వరసలో మొదట ఉన్నదాన్ని తీసుకుంది. నాలుగేళ్ళ కిందట ఎప్పుడో చూసేసిన కథని మళ్ళీ మొదట్నించి శ్రద్ధగా లెక్కకట్టి పెట్టింది. రెండువందల పన్నెండు ఉన్నచోటే చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని నడిపించే గంటలే లేవు.

కేంద్రానికి పరిగెత్తింది. హెడ్డమ్మ అంతా విని, అరవలేదు, దెప్పలేదు. అరిచినా బాగుండేది.

"మెషిన్ తప్పైతే గంటలు తిరిగిస్తామండీ. వాడేవాళ్ళ తప్పుకి ఇవ్వరు. మళ్ళీ అర్జీలు పది నెలల తర్వాత" అంది నెమ్మదిగా.

"ఆయన దగ్గర పది వారాలు కూడా లేవండీ."

హెడ్డమ్మ పైవాళ్ళకి రెండు ఉత్తరాలు రాసింది. రెండిటికీ కుదరదనే వచ్చింది.

ఇంక చెప్పడం ఒకటే మిగిలింది. బస్సులో దారి పొడుగునా లెక్చరరమ్మ ఒకటే ఆలోచించింది. ఉన్నదున్నట్టు చెప్తే మాస్టారికి క్షణంలో అర్థమైపోతుంది. నిద్రలేపడం నేర్పింది ఆయన. తేదీ చూడమని లైను రాసింది ఆయన. రెండూ విడివిడిగా మంచివే. లెక్క నడిచినన్నాళ్ళూ నిద్రలేపే అవసరం రాలేదు కాబట్టి ఆ లైను తప్పలేదు. ఆ రెండిటినీ కలిపి ఆలోచించాల్సింది ఆయనే, ఆలోచించలేదు. ఉన్న నాలుగు రోజులూ ఆ మంచం మీద పడుకుని, నా చేతుల్తో నేనే చేసుకున్నాను అనుకుంటూ పోతారు. అది ఆవిడకి సహించలేదు.

మాస్టారు దిండుకి ఆనుకుని కూర్చున్నారు. జుట్టు దువ్వించుకున్నారు. ఈవిడ వస్తుందని తెలిసి.

"ఏమైందమ్మాయ్? మిగిలిందా?"

"లెక్క ముందుకు పోలేదు మాస్టారూ. మొదటి మజిలీ నుంచి నడిచింది. గంటలన్నీ అయిపోయాయి."

ఆయన దిండు మీంచి కాస్త ముందుకి వంగారు.

"అదెలా? స్క్రిప్టు దానంతట అదే తాజాది తీసుకుంటుంది కదా. ఆ లైను ఉందిగా."

"ఆ లైను నేను తీసేశాను మాస్టారూ. నంబరు చేత్తో ఇవ్వమని శిక్షణలో చెప్పారు. రెండువందల పన్నెండు బదులు ఒకటి ఇచ్చాను."

ఆయన మొహం చూడలేక నేలవైపు చూసింది.

"నా లైన్లో వేలుపెట్టావా" అన్నారు. గొంతు లేవలేదు గానీ, ఇరవై ఏళ్ళలో ఆయన ఆవిడతో అలా మాట్లాడింది లేదు. "మూడేళ్ళు ఒక్కసారి తప్పని లైను. నిన్నెవరు ముట్టుకోమన్నారు?"

"తప్పు నాదే మాస్టారూ. మీ లైను ఎప్పుడూ తప్పలేదు."

ఆయన గోడవైపు తిరిగారు. పిన్నిగారు వచ్చి, "నువ్వింక వెళ్ళమ్మా" అన్నారు. తర్వాత రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ నిద్రపోతున్నారని చెప్పారు. గదిలోంచి దగ్గు వినబడుతూనే ఉంది. ఐదు వారాలకి మాస్టారు పోయారు. లెక్చరరమ్మ వెళ్ళి, వచ్చినవాళ్ళ వెనకాల ఓ మూల నిలబడి వచ్చేసింది. బడిపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది, అదీ ఇంటికొచ్చి, కుళాయి తిప్పుకుని.

ఒకటో తారీకున మాత్రం ఫైళ్ళని నిద్రలేపింది. ఆపితే తుడిచిపెట్టుకుపోతాయి కదా.

మరుసటి ఏడు హెడ్డమ్మ శిక్షణకి పిలిచింది, కొత్తవాళ్ళకి జరిగింది చెప్పమని. చెప్పింది. నిద్రలేపేవాళ్ళు తేదీని నమ్మొద్దని, చేత్తో నంబరు ఇవ్వాలని వివరంగా చెప్పింది. ముందువరసలోంచి ఒకమ్మాయి, "ఆ లైను ఎవరు రాశారండీ?" అని అడిగింది. హెడ్డమ్మ తలెత్తి చూసింది.

"నేనే" అంది లెక్చరరమ్మ. హెడ్డమ్మ కిటికీ వైపు తిరిగి, గడియ సరిచేస్తున్నట్టు నిలబడింది.

ఈసారి గంటలు వచ్చాయి. నంబరు చేత్తో ఇచ్చింది. పదినిమిషాలు కాదు, పూటంతా కుర్చీలోంచి లేవలేదు. రెండువందల నలభయ్యో మజిలీ చేరింది. చిన్నది మిగిలింది. పెద్దదాని కడుపులో, మాస్టారు ముప్పై ఏళ్ళ కిందట ఎక్కడుంటుందని రాశారో దాదాపు అక్కడే, ఆవగింజంత వెలుగు.

ఆ బొమ్మ కాగితం మీద వేయించి పిన్నిగారికి పట్టుకెళ్ళింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, వేలితో తడుముతూ, "ఇదేనా?" అని అడిగారు.

"అదేనండీ. మాస్టారు చెప్పిందే నిజమైంది."

పిన్నిగారు చాలాసేపు చూశారు. కాగితం ఆయన ఫోటో ముందు పెట్టారు.

"చివరిదాకా అదే మాటమ్మా ఆయనకి. నా లైను ముట్టుకోకుండా ఉంటే ఈపాటికి చూసేవాణ్ణి కదా అని." ఆవిడ గొంతులో కోపం లేదు, అలసటే ఉంది. "నీమీద ప్రాణం పెట్టుకున్న మనిషి. ఎందుకు ముట్టుకున్నావే తల్లీ?"

లెక్చరరమ్మకి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఫోటోలో మాస్టారు ఆ వెలుగు చుక్కనే చూస్తున్నట్టున్నారు.

"తెలివితక్కువ పని చేశాను పిన్నిగారూ" అంది.

"సర్లే, కూర్చో. టీ పెడతాను" అని పిన్నిగారు లోపలికి వెళ్ళారు.