ఫ్లాస్కు అడుగున

"ఫ్లాస్కు ఇక్కడ పెట్టి వెళ్లు" అంది నెలిదా.

"మాతే టీ తాగకుండా సముద్రం ఒడ్డున నడిచే మనిషిని ఈ మోంటెవీడియోలో ఎక్కడైనా చూశావా?" విల్మార్ ఫ్లాస్కుని చంకలో మరింత బిగించాడు.

"తాగొద్దన్నానా? ఒక్క నిమిషం దాని అడుగు చూసుకుని ఇస్తానంటున్నా."

"నిన్నా నిమిషమే అన్నావు. నీళ్లు చల్లారిపోయాయి."

"మళ్లీ కాచుకోవచ్చులే, ముసలోడా!"

"కాచేది నేనేగా, ముసలమ్మా!"

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగుతుంటే, న్యోకి ఉండలు చేయడానికి బంగాళాదుంపలు చిదుముతున్న కూతురు యానినా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అసలు దాని అడుగున ఏముందమ్మా?"

నెలిదా ఫ్లాస్కుని అడ్డంగా తిప్పి చూపించింది. తెల్ల టేపు మీద గుండ్రటి అక్షరాలతో కంప్యూటర్ పాస్‌వర్డు, దాని కింద మెయిల్‌ది. ఆ ఇంట్లో కళ్లజోడు పోతుంది, తాళంచెవులు పోతాయి. ఫ్లాస్కు మాత్రం ఎన్నడూ పోలేదు. అందుకే ఆమె ఆ చోటు ఎంచుకుంది.

యానినా పడీపడీ నవ్వింది. ఉన్నట్టుండి ఆపేసింది. "నాన్నా, దీన్ని చంకలో ఎలా పెట్టుకుంటావు?"

"అందరిలాగే. మూత ముందుకి, అడుగు వెనక్కి."

"అంటే నీ వెనక నడిచేవాళ్లందరికీ..."

నెలిదా కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్లూ ఎవరో గీసిన కార్నివాల్ దుస్తుల్ని కుట్టిన ఆమెకి, ఈ ఏడే మొదటిసారిగా గీసే పని అప్పగించింది వాడ పాటల బృందం. ఆ బొమ్మలన్నీ మెయిల్లోనే ఉన్నాయి. బృందం వేదిక ఎక్కే రాత్రి దాకా ఆ దుస్తులు బయటివాళ్ల కంటపడకూడదు. పడ్డాయా, ఇక ఆమె చేతికి పెన్సిలు ఇచ్చేవాళ్లుండరు.

"నిన్న ఎక్కడెక్కడ తిరిగావు?"

"మాంసం కొట్టుకి. తర్వాత ఫుట్‌బాల్ ఆటకి."

"ఎవరి పక్కన కూర్చున్నావు?"

విల్మార్ గొంతు తగ్గింది. "ఒబ్దూలియో పక్కన."

ఒబ్దూలియో పోటీ బృందంలో డోలు కొడతాడు.

"కంగారుపడకే" అన్నాడు విల్మార్. "వాడికి సొంత డోలే సరిగ్గా కనపడదు."

యానినా అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చుంది. మెయిల్ ఎక్కడెక్కడ తెరిచారో చూసింది. ఈ కంప్యూటరూ, అమ్మ ఫోనూ. అంతే. నెలిదా ఊపిరి వదిలింది. "మార్చెయ్, ఇప్పుడే మార్చెయ్! కానీ కొత్తది ఎక్కడ రాయను?"

"రాయొద్దు. పాస్‌వర్డుల్ని దాచే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. వాటన్నిటినీ తెరిచే పెద్ద పాస్‌వర్డు, అంటే పెద్ద తాళం, ఒక్కటీ నువ్వు గుర్తుపెట్టుకుంటే చాలు."

నెలిదా కుర్చీ దగ్గరికి లాక్కుంది. బట్టల కొట్లో గుడ్డని సాగదీసి, వెలుగుకి పట్టి చూసినట్టు ఒక్కో సాఫ్ట్‌వేర్‌నీ పరీక్షించింది. బ్రౌజర్లోనే దాచుకోవడం సులువే. "తెరిచి వదిలేస్తే మీ నాన్న దేన్నైనా నొక్కేస్తాడు." నెలనెలా డబ్బు కట్టేది ఫోన్లోనూ పనిచేస్తుంది, కానీ అది కంపెనీవాళ్ల దగ్గర ఉంటుంది. "ఇంకొకరి బీరువాలో నా బట్టలా?" మూడోది ఉచితం. మన కంప్యూటర్లోనే తాళం వేసిన ఒక ఫైలు.

"కంప్యూటర్ చెడిపోతే?"

"నకలు తీసి వేరేచోట పెట్టుకోవాలి."

"పెద్ద తాళం మర్చిపోతే?"

"అంతే సంగతి. తయారుచేసినవాళ్లు కూడా తెరవలేరు."

"నిజంగా ఎవ్వరూ తెరవలేరా?" నెలిదా కళ్లు మెరిశాయి. "మీరిద్దరూ అటు తిరగండి!"

ఒకదానికొకటి పొంతనలేని ఆరు మాటలు ఏరి, పెదవులు కదిలిస్తూ టైపు కొట్టింది. మళ్లీ మూసి, తెరిచింది. తెరుచుకుంది! మెయిల్‌కి కొత్త పాస్‌వర్డు పుట్టించమంటే తెర మీద వింత గుర్తుల బారు ఒకటి వచ్చింది.

"పిల్లి కీబోర్డు మీద పడుకున్నట్టుంది" అన్నాడు విల్మార్.

"ఇంకా పొడుగ్గా వస్తుందా?" అని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది నెలిదా. వచ్చింది. ఇంకోసారి నొక్కింది, ఊరికే, చూడ్డానికి.

మధ్యాహ్నం న్యోకి బల్ల మీదికి వచ్చాయి. ఆ రోజు ఇరవైతొమ్మిదో తారీకు, ఆ ఊళ్లో నెలనెలా న్యోకి తినే ఆనవాయితీ రోజు కదా, విల్మార్ ముందుగా పళ్లెం ఎత్తి, అదృష్టం కోసం పెట్టే నోటు కింద ఉందో లేదో చూసుకున్నాడు. నెలిదా చెంచాతో గ్లాసు మీద కొట్టింది.

"వినండి. మన కంప్యూటర్లో ఉండేదే తీసుకున్నాం. నకలు యానినా ఇంట్లో ఉంటుంది. పెద్ద తాళం నా ఒక్కదానికే తెలుసు, కార్నివాల్ అయ్యేదాకా ఎవరూ అడగొద్దు. విల్మార్, నీకు వేరే ఫైలు పెడతాం, నీ తాళం నువ్వే ఆలోచించుకో. ఫ్లాస్కు టేపు పీకేశాను. రేపటినుంచి దాన్ని ఎవరి పక్కన కావాలంటే వాళ్ల పక్కన పెట్టుకో."